ఓరచూపుకి దొరికే తోకచుక్క

(విశాఖపట్నంలో ఒక బడి సైన్స్ క్లబ్బు పిల్లలకూ, వారి తల్లిదండ్రులకూ ఒక జనవరి సాయంత్రం ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లలూ, మీ టీచరుగారు నన్ను పిలిచినప్పుడు ఒక మాట చెప్పారు. "మా వాళ్లలో నలుగురైదుగురు బైనాక్యులర్స్ కొనిపించుకున్నారండీ, తోకచుక్క వచ్చిందంటే మేడెక్కి అరగంట వెతుకుతున్నారు, ఏమీ కనబడలేదని దిగొచ్చేస్తున్నారు" అన్నారు. ఆ దిగులు నాకు బాగా తెలుసు. మొదటి తోకచుక్క నాకు నాలుగో తెల్లవారుజామున కనిపించింది. ముందు మూడు రోజులూ ఊరికే వెనక్కి వచ్చాను. ఆ మూడు రోజులూ ఎందుకు కనబడలేదో, నాలుగో రోజు ఎందుకు కనబడిందో అర్థమైతే ఇవాళ్టికి మనకి చాలు.

2024 సెప్టెంబరు నెలాఖరు. ఆ తోకచుక్క పేరు సుచిన్‌షాన్–అట్లాస్. 2023 జనవరిలో చైనాలోని పర్పుల్ మౌంటెన్ అబ్జర్వేటరీ వాళ్లు, ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికాలోని అట్లాస్ టెలిస్కోపు వాళ్లు విడివిడిగా పట్టుకున్నారు కాబట్టి రెండు పేర్లూ కలిపారు. సెప్టెంబరు 27న అది సూర్యుడికి అతి దగ్గరగా, దాదాపు 5.9 కోట్ల కిలోమీటర్ల దూరంలోకి వచ్చింది. ఆ రోజుల్లో మనకి సూర్యోదయానికి ముందు తూర్పున కనబడాలి. తూర్పంటే మన ఊరికి సముద్రమే కదా. చెట్టు అడ్డం లేదు, కొండ అడ్డం లేదు. ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుందనుకుని, నాలుగింటికే లేచి రుషికొండ దాటి బీచికి వెళ్లాను.

మొదటి రోజు మబ్బు. నడినెత్తిన చుక్కలు తళతళలాడుతున్నాయి, కానీ సముద్రం అంచున, చాచిన చేతి రెండు పిడికిళ్లంత ఎత్తున మబ్బు గోడ కట్టినట్టుంది. ఇది తీరప్రాంతం వాళ్లందరికీ ఉన్న కష్టమే. మనకి కావలసింది నడినెత్తిన ఆకాశం కాదు, అంచున ఉన్న ఆకాశం. ఇంటి దగ్గర పైకి చూసి "ఆహా, ఆకాశం శుభ్రంగా ఉంది" అనుకుని బయల్దేరకూడదని ఆ రోజు తెలిసింది.

రెండో రోజు మబ్బు లేదు. నా ఫోన్లోకి ఎవరో పంపిన బొమ్మ ఉంది. అందులో మఖ నక్షత్రం ఉంది, దానికి సరాసరి కుడిపక్కన, ఇంచుమించు అదే ఎత్తులో తోకచుక్క ఉంది. మఖ నాకు తెలుసు. దాన్ని పట్టుకుని కుడిపక్కకి వెళ్లాను. మళ్లీ వెనక్కి వచ్చి మళ్లీ వెళ్లాను. ఏమీ లేదు. ఇంటికొచ్చి నిదానంగా చూస్తే, అది ఆస్ట్రేలియా ఆకాశానికి గీసిన బొమ్మ! చుక్కల మధ్య దూరాలు అక్కడా ఇక్కడా ఒకటే. కానీ మనం భూమధ్యరేఖకి ఉత్తరాన ఉన్నాం, వాళ్లు దక్షిణాన ఉన్నారు. అందుకని మొత్తం బొమ్మ పక్కకి ఒరిగిపోతుంది. వాళ్లకి మఖ పక్కన ఉన్న తోకచుక్క మనకి మఖకి కుడివైపున బాగా కిందికి, సముద్రానికి దగ్గరగా ఉంటుంది. అంటే నేను వెతికినంతసేపూ అది నా చూపు కింద ఉండిపోయింది.

తప్పు పటం పట్టుకుని వెతకడం ఎంత పెద్దవాళ్లకైనా జరుగుతుంది. హేలీ తోకచుక్క 1758 ప్రాంతంలో తిరిగి వస్తుందని ఎడ్మండ్ హేలీ ముందే లెక్కగట్టి చెప్పాడు. పారిస్‌లో చార్లెస్ మెస్సియే అనే యువకుడు దానికోసం నెలల తరబడి వెతికాడు. అతని పై అధికారి డెలీల్ గీసిచ్చిన దారిపటంలోనే పొరపాటుంది. ఈలోగా జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర ఒక పల్లెలో యోహాన్ పాలిచ్ అనే రైతు, వ్యవసాయం చేసుకుంటూ సొంతంగా ఖగోళం చదువుకున్నవాడు, 1758 డిసెంబరు 25 రాత్రి దాన్ని చూసేశాడు. మెస్సియేకి కనబడేసరికి జనవరి 21 అయింది. కాబట్టి పిల్లలూ, పటం చూసేటప్పుడు రెండు అడగండి: ఇది మన ఊరికి గీసిందేనా? ఈ తేదీకి, ఈ వేళకి గీసిందేనా? స్టెల్లేరియం లాంటి యాప్‌లో మన ఊరు పెట్టుకుంటే ఈ రెండూ అదే చూసుకుంటుంది.

మూడో రోజు పటం సరైనదే. సమయం సరైనదే. అయినా దొరకలేదు. ఈ మూడో రోజు గురించే కాస్త ఎక్కువసేపు చెప్పాలి. మీలో చాలామందికి ఎదురయ్యేది ఇదే.

ఆ రోజు నా కళ్లు ఫోటో కోసం వెతికాయి. పేపర్లో, ఫోన్లో చూసిన తోకచుక్కలన్నీ పొడవాటి తోకతో, నీలంగా ఆకుపచ్చగా మెరిసిపోతుంటాయి. ఆ ఫోటోలు అబద్ధం కావు. కెమెరా ఎన్నో సెకన్ల పాటు, ఒక్కోసారి ఎన్నో నిమిషాల పాటు వెలుగుని పోగేసుకుంటుంది. మన కన్ను అలా పోగేసుకోలేదు. బైనాక్యులర్స్‌లో చాలా తోకచుక్కలు ఎలా ఉంటాయంటే, అద్దం మీద ఊపిరి వదిలితే పట్టే మసక ఉంటుందే, అలా. గుండ్రంగా, అంచులు లేకుండా, మధ్యలో కొంచెం చిక్కగా. అదే వింత అనుకోవాలి. నేనేమో మెరుపు కోసం చూస్తూ, ఆ మసక మీంచి రెండు మూడుసార్లు దాటిపోయి ఉంటాను.

ఇంకో లెక్క కూడా మనల్ని మోసం చేస్తుంది. "తోకచుక్క కాంతి 4వ తరగతి" అని రాస్తారు. ఆకాశంలో వెలుగుని కొలిచే అంకె అది, అంకె చిన్నదయ్యేకొద్దీ వెలుగు ఎక్కువ. 4వ తరగతి నక్షత్రం ఊరి బయట కంటికే కనబడుతుంది కదా, మరి తోకచుక్క ఎందుకు కనబడదు? ఇంట్లో పండక్కి గడపకి పసుపు రాస్తారు చూడండి. చిటికెడు పసుపు ఒక్కచోట పెడితే ముదురుగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ చిటికెడే గడపంతా రాస్తే? పసుపు అంతే ఉంది, కానీ పలచబడిపోయింది. నక్షత్రం వెలుగంతా ఒక్క చుక్కలో ఉంటుంది. తోకచుక్క వెలుగు ఆ గడప మీది పసుపు లాంటిది. అంకె ఒకటే అయినా కంటికి ఒకటి కాదు. వీధి దీపాలు ఎక్కువున్న చోట ఆ పలచటి వెలుగే ముందు చచ్చిపోతుంది. అందుకని 4వ తరగతి అని చదివితే, నగరంలో మేడ మీద కంటితో కనబడుతుందని ఆశపడకండి, బైనాక్యులర్స్ తీసుకుని ఊరి బయటికి వెళ్లండి.

ఇక నాలుగో రోజు, అక్టోబరు 1. మర్నాడు అమావాస్య. చంద్రుడి వెలుగు అడ్డం లేదు. ఇసకలో దుప్పటి పరిచి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించుకుని కూర్చున్నాను. మఖని పట్టుకున్నాను. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే పది డిగ్రీలు. మఖ నుంచి కుడివైపు కిందికి రెండు పిడికిళ్లు కొలిచాను. సముద్రానికి నాలుగు వేళ్ల ఎత్తు. అక్కడికి బైనాక్యులర్స్ తెచ్చి, గబగబా తిప్పకుండా, ఒకచోట ఆపి పది లెక్కపెట్టి, కొంచెం జరిపి, మళ్లీ పది లెక్కపెట్టి చూస్తూ వచ్చాను. ఐదింటికి ఇంకా కొన్ని నిమిషాలుందనగా ఒక నక్షత్రం సరిగ్గా ఫోకస్ కానట్టు అనిపించింది. ఫోకస్ తిప్పాను. పక్కనున్న చుక్కలు సూదిమొనల్లా అయ్యాయి, ఇది మాత్రం అవ్వలేదు. పైగా దాని మీద నుంచి అగరొత్తి పొగలా సన్నగా, నిటారుగా ఒక చార. గాలి లేని గదిలో అగరొత్తి పొగ ఎలా లేస్తుందో అలాగే. ధూమకేతువు అని మనవాళ్లు ఎందుకన్నారో ఆ క్షణాన తెలిసింది. ధూమం అంటే పొగ, కేతువంటే జెండా. చూసినవాళ్లే పెట్టగలిగిన పేరు.

తోక ఎటు ఉంటుందో కూడా అప్పుడే కళ్లారా చూశాను. సూర్యుడు ఇంకా సముద్రం కింద ఉన్నాడు. తోక పైకి ఉంది. సూర్యుడి నుంచి వచ్చే వెలుగు ధూళిని నెడుతుంది, సూర్యుడి నుంచి వీచే సన్నటి కణాల గాలి, అంటే సౌరపవనం, వాయువుని నెడుతుంది, అందుకని తోక ఎప్పుడూ సూర్యుడికి దూరంగా ఉండే వైపే సాగుతుంది. తోకచుక్క వెనక తోక ఈడ్చుకుంటూ పరిగెత్తుతుందనుకుంటాం. అది కంటి ముందు కదలదు కూడా. రాలే చుక్కలా సర్రున పోదు. అలాగే నిలబడి ఉంటుంది, మర్నాటికి చుక్కల మధ్య కొంచెం జరుగుతుంది.

అప్పుడే పక్కన పడవ సర్దుకుంటున్న ఒక జాలరి పెద్దాయన వచ్చి "ఏటి చూస్తన్నారు బాబూ?" అన్నారు. బైనాక్యులర్స్ చేతికిచ్చి, అటు చూడండని చెప్పాను. నాకు నాలుగు రోజులు పట్టింది, ఆయనకి అర నిమిషం పట్టలేదు. "ఇది కొత్త సుక్క బాబూ, ఇక్కడ ఉండీది కాదు" అన్నారు. ఎన్నో ఏళ్లుగా ఆ వేళకి ఆ తూర్పు ఆకాశం కింద పడవ దింపుతున్న మనిషి. అక్కడేముంటుందో తెలుసు కాబట్టి లేనిది వస్తే వెంటనే తెలిసింది.

ఆ మాట నాలో ఉండిపోయింది. ఇంగ్లండులో జార్జ్ ఆల్కాక్ అని ఒక బడిపంతులు ఉండేవారు. సుమారు 30,000 నక్షత్రాల అమరిక ఆయనకి బైనాక్యులర్స్‌లో కనబడే తీరున కంఠతా వచ్చు. 1983 మే 3 రాత్రి, డెబ్భై ఏళ్ల వయసులో, ఇంట్లోంచి, మూసిన కిటికీ అద్దం వెనక నుంచి 15×80 బైనాక్యులర్స్‌తో చూస్తూ ఒక కొత్త తోకచుక్కని పట్టుకున్నారు. ఐరాస్ అనే ఉపగ్రహం, అరాకి అనే పరిశీలకుడు కూడా దాన్ని పట్టుకున్నారు కాబట్టి దాన్ని ఐరాస్–అరాకి–ఆల్కాక్ అంటారు. మనం 30,000 నేర్చుకోనక్కర్లేదు. ముప్ఫై నేర్చుకుందాం. స్వాతి, చిత్త, మఖ, జ్యేష్ఠ, రోహిణి, కృత్తికలు. మన ఇళ్లలో జన్మనక్షత్రాల పేర్లుగా రోజూ వినే పేర్లే ఇవి. వాటిని పంచాంగంలోంచి బయటికి తీసుకొచ్చి ఆకాశంలో చూపిస్తే, తోకచుక్క ఎక్కడికొచ్చినా దానికో పొరుగిల్లు తెలిసినట్టే. ఊరికి కొత్తగా వచ్చిన చుట్టం ఇల్లు వెతకాలంటే "రామాలయం పక్క సందులో" అంటేనే కదా దొరుకుతుంది.

ఇప్పుడు చేతిలో వస్తువు సంగతి. 7×50 గానీ 10×50 గానీ తీసుకోండి. మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో, రెండోది ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. చీకట్లో మన కంటిపాప బాగా తెరుచుకుంటే 7 మిల్లీమీటర్లు. 50 మిల్లీమీటర్ల అద్దం దానికి 50 రెట్లు వెలుగుని పడుతుంది. 20×, 30× అని ఊరించేవి కొనకండి. చెయ్యి చిన్నగా వణికినా ఆ వణుకు కూడా ముప్ఫై రెట్లవుతుంది, పైగా కనబడే ఆకాశం ఇరుకైపోతుంది. 10×50లో ఆరు డిగ్రీలకి పైగా కనబడుతుంది. అంటే చాచిన చేతి మూడు నాలుగు వేళ్లంత. వెతకడానికి ఆ వెడల్పే కావాలి.

ముందుగా కుడికన్ను మూసి ఎడమ కన్నుతో ఒక నక్షత్రానికి మధ్యనున్న చక్రం తిప్పి ఫోకస్ చేసుకోండి. తర్వాత ఎడమకన్ను మూసి, కుడి కన్ను దగ్గరున్న రింగు తిప్పి సరిచేయండి. కళ్లజోడు ఉన్నవాళ్లు తీసేసి కూడా ఇది చేసుకోవచ్చు. ఎక్కువ సిలిండర్ పవర్ ఉంటే మాత్రం జోడు ఉంచుకోండి. మేడ మీదైతే పిట్టగోడ మీద దిండు వేసి మోచేతులు ఆనించండి. పడక కుర్చీ ఉంటే ఇంకా మంచిది. చేతుల వణుకు తగ్గితే, అంతవరకూ లేని చుక్కలు పదులకొద్దీ పుట్టుకొస్తాయి. నమ్మకపోతే ఇవాళ చేసి చూడండి.

కళ్లు చీకటికి అలవాటు పడటానికి కనీసం ఇరవై నిమిషాలు. మధ్యలో ఎవరైనా ఫోన్ తెరిచారంటే మళ్లీ మొదటికొస్తుంది. ఫోన్‌కి ఎర్ర సెల్లోఫేన్ కాయితం చుట్టండి, లేదా యాప్‌లో ఎర్రరంగు పెట్టుకోండి.

ఇక అన్నిటికంటే పనికొచ్చే కిటుకు. మన భాషలో దానికి ఎంత చక్కటి మాట ఉందో! ఓరచూపు. మసకగా ఉన్నదాన్ని సూటిగా చూస్తే మాయమవుతుంది. దాని పక్కన ఒక చుక్కని చూస్తూ, దీన్ని ఓరకంట గమనించండి, వెంటనే తేలుతుంది. కంటి లోపల నట్టనడుమ ఉన్న కణాలు రంగులకీ, పగటి వెలుగుకీ పనికొస్తాయి. మసక వెలుగుని పట్టే కణాలు ఆ నడిమికి చుట్టూ ఉంటాయి. ఓరగా చూసినప్పుడు వెలుగు వాటి మీద పడుతుంది. ఇంకొకటి, ఉందా లేదా అని అనుమానం వచ్చినప్పుడు బైనాక్యులర్స్‌ని వేలితో మెల్లగా తట్టండి. కదిలే మసకని కన్ను త్వరగా పట్టుకుంటుంది.

ఫోన్‌తో ఫోటో తీయడం తప్పా అని మొన్న ఒక అమ్మాయి అడిగింది. తప్పేం లేదమ్మా. నైట్ మోడ్‌లో మూడు సెకన్లు కదలకుండా పెట్టి తీస్తే, కంటికి దొరకని తోకచుక్క చాలాసార్లు ఫోన్‌లో పడుతుంది. ఎక్కడుందో దాంట్లో చూసుకుని, ఫోన్ జేబులో పెట్టి, కళ్లు కుదుటపడ్డాక బైనాక్యులర్స్‌తో అక్కడికే వెళ్లండి. అలా అయినా సరే, మీ కంటితో చూసి తీరాలి. ఆ వెలుగు అన్ని కోట్ల కిలోమీటర్లు దాటి వచ్చింది, చివరి అంగుళంలో ఫోన్ తెర మీదే ఆపేస్తే ఎలా?

పెద్దవాళ్లకి ఒక గట్టి మాట. తోకచుక్క సాధారణంగా సూర్యుడికి దగ్గరలోనే ఉంటుంది. తెల్లవారుజామున చూస్తుంటే సూర్యోదయానికి పావుగంట ముందే బైనాక్యులర్స్ మూతలు పెట్టేయండి, పిల్లల మెడలోంచి తీసేయండి. సాయంత్రమైతే సూర్యుడు పూర్తిగా దిగిపోయాకే బయటికి తీయండి. బైనాక్యులర్స్‌లోంచి ఒక్క క్షణం సూర్యుడు కంట్లో పడితే ఆ కన్ను తిరిగి రాదు.

అదే తోకచుక్క దసరా వెళ్లాక సాయంత్రాలకి మారింది. అక్టోబరు 12న భూమికి అతి దగ్గరగా, సుమారు 7 కోట్ల కిలోమీటర్లకి వచ్చింది. ఇప్పుడు పడమర చూడాలి. మన ఊళ్లో పడమరంటే కొండలు. తూర్పున సముద్రం ఎంత సాయపడిందో, సింహాచలం కొండలు అంత అడ్డం పడ్డాయి. అందుకని అనకాపల్లి దాటి, చెరుకు తోటల పక్కన పడమర తెరిపి ఉన్న ఒక గట్టు వెతుక్కున్నాం. మబ్బుల మధ్య ఇరవై నిమిషాలు దొరికింది. ముందు శుక్రుడు కనబడ్డాడు. తర్వాత కుడివైపున స్వాతి. ఆ రెండింటి మధ్య వెతికితే దొరికింది. ఈసారి బైనాక్యులర్స్ అక్కర్లేకుండా కూడా! నా పక్కనున్నవాళ్లు కేక పెట్టారు. తర్వాత 17న పౌర్ణమి, ఆ వెన్నెలకి తోక కొట్టుకుపోయింది. నెలాఖరుకి మళ్లీ బైనాక్యులర్స్‌కే మిగిలింది.

మరుసటి ఏడు, 2025 అక్టోబరులో లెమ్మన్ తోకచుక్క. దీపావళి 20న, అది భూమికి దగ్గరగా వచ్చింది 21న. స్వాతికి కుడివైపు, కొంచెం పైన. కాంతి సుమారు 4వ తరగతి. చంద్రుడు లేని రాత్రులు దొరికాయి కానీ టపాసుల పొగ దొరకనివ్వలేదు. నగరం వదిలి వెళ్లినవాళ్లకి చిన్న మసక ముద్దలా కనబడింది. తోక కోసం ఓరచూపు వాడాల్సి వచ్చింది. మొదటిదాన్ని చూసి ఉన్నాం కాబట్టి రెండోదానికి పది నిమిషాలే పట్టింది.

మామ్మగారు ఇందాక లోపలికి వస్తూ అడిగారు, "తోకచుక్కని చూస్తే అరిష్టం అంటారు కదా నాయనా, పిల్లల్ని చూడమంటున్నావు" అని. మామ్మగారూ, 1910 మేలో హేలీ తోకచుక్క తోకలోంచే భూమి వెళ్లిందని లెక్కగట్టారు. తోకలో విషవాయువు ఉందని ప్రపంచమంతా భయపడ్డారు, కొన్నిచోట్ల మందుబిళ్లలు కూడా అమ్మారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ తోక అంత పలచన. అదొక మంచుముద్ద, ధూళి కలిసిన మంచుముద్ద. ఎండ తగిలి ఆవిరవుతూ వెళ్లిపోతుంది. మీరు కూడా మనవడి పక్కన నిలబడి చూడండి.

పిల్లలకి ఇంకొకరి గురించి చెప్పాలి. వేణు బప్పు అనే ఖగోళ శాస్త్రవేత్త. తండ్రి హైదరాబాదులోని నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. ఈయన నిజాం కాలేజీలో చదివి, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద హార్వర్డ్ వెళ్లారు. వెళ్లిన ఏడే, 1949 జులైలో, రాత్రి తీసిన ఫోటో ప్లేటులో ఒక తోకచుక్కని గుర్తుపట్టారు. బప్పు–బాక్–న్యూకిర్క్ తోకచుక్క అని దానికి పేరు. అప్పటికి ఆయనకి ఇరవై రెండేళ్లు నిండలేదు. చిన్నప్పటి నుంచీ ఆ అబ్జర్వేటరీ ఆవరణలో ఆకాశం చూస్తూ పెరిగిన కుర్రాడు.

సరే, ఇక మేడ మీదికి వెళదాం. ఇవాళ మన బైనాక్యులర్స్‌కి అందే తోకచుక్క లేదు. కానీ అచ్చం అలాగే ఉండేది ఒకటుంది, దాని మీద సాధన చేద్దాం. పడమర వైపు పెద్ద చతురస్రంలా నాలుగు చుక్కలుంటాయి, పూర్వాభాద్ర రెండు, ఉత్తరాభాద్ర రెండు. పైనున్న రెండు మూలల్లో కుడివైపు దాని నుంచి ఉత్తరం వైపు పైకి ఒక వరసలో రెండో ప్రకాశమైన చుక్కకి వెళ్లండి. అక్కడ కుడివైపు తిరిగి, రెండు చిన్న చుక్కలు దాటండి. రెండో చుక్క పక్కనే మసకగా ఒకటి ఉంటుంది. దేవయాని గెలాక్సీ. అది 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, అయినా కంటికి కనిపించే తీరు మాత్రం తోకచుక్కలాగే. అందుకే మెస్సియే తర్వాత్తర్వాత ఇలాంటి మసక వస్తువులన్నిటికీ జాబితా రాశాడు, తోకచుక్కలనుకుని పొరపడకుండా. దేవయాని అందులో 31వది.

మెట్ల లైటు ఆపేయమని చెప్పాను. ఫోన్లు జేబుల్లో పెట్టండి. దొరికినవాళ్లు కేకలు వేయకండి, పక్కవాళ్లకి చూపించకండి, చెయ్యి మాత్రం ఎత్తండి. ఎవరికి వాళ్లు వెతుక్కోవాలి. ఎంతసేపైనా ఉందాం.